బస్సు రాని ఆదివారం

ఆనందబాబు బుద్ధెరిగాక ఏ ఆటా ఆడినవాడు కాదు. అలాంటివాడు ఒక కాలేజీకి అథ్లెటిక్ డైరెక్టర్ ఎలా అయ్యాడని ఎవరైనా అడిగితే, పార్కింగ్ పుణ్యమా అని అయ్యానని చెప్పేవాడు.

దక్షిణ వర్జీనియాలో క్లేబోర్న్ అని ఒక చిన్న ఊరు. బానిసత్వం పోయిన కొత్తల్లో నల్లజాతి పిల్లల చదువు కోసం చర్చివాళ్ళు పెట్టిన కాలేజీ అక్కడ ఉంది. ఆనందబాబు అందులో బోటనీ చెబుతూ పదేళ్ళు దాటింది. కొండేపూడి అనే ఇంటిపేరు ఎవరికీ నోరు తిరగక, పిల్లలూ ప్రొఫెసర్లూ అందరూ అతన్ని డాక్టర్ బాబు అనేవాళ్ళు.

1982 వేసవిలో పాత అథ్లెటిక్ డైరెక్టర్ గుండెజబ్బు వచ్చి ఉద్యోగం మానేశాడు. ఆ కుర్చీ తనదేనని ఫుట్‌బాల్ కోచ్ టాలివర్ అనుకున్నాడు. తనకి కాక ఎవరికిస్తారని మగపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్ రీడ్ అనుకున్నాడు. ఆ ఇద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు. ఎవరికిచ్చినా రెండోవాడు రాజీనామా పారేసి పోయేలా ఉన్నాడు. ప్రెసిడెంట్ హాలోవే ఆలోచించి ఆలోచించి ఆనందబాబుని పిలిపించాడు. అంతకుముందు ఏడు ఆనందబాబు పార్కింగ్ కమిటీకి ఛైర్మన్‌గా ఉండి, ఎవరి కారు ఎక్కడ పెట్టాలో తేల్చేశాడు. ఆ పని చేశాక కూడా కాలేజీలో అందరూ అతనితో మాట్లాడుతూనే ఉన్నారు. ప్రెసిడెంట్‌కి అంతకంటే పెద్ద అర్హత కనిపించలేదు.

“ఒక్క ఏడాది చాలు. ఈలోగా మంచివాణ్ణి వెతుకుతాను,” అన్నాడు ప్రెసిడెంట్. “నీకు వాళ్ళిద్దరితో చుట్టరికం లేదు, పగా లేదు.”

“నాకు ఆటలు కూడా తెలీవు సార్.”

“అది మరీ మంచిది.”

భార్య దేవకుమారి కౌంటీ హాస్పిటల్లో నర్సు. ఆ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. నిజంగా సంతోషించినవాడు మాత్రం అక్టోబరులో ఇండియా నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అతని తండ్రి కృపావరం మేష్టారు. ఆయన రేపల్లె దగ్గర మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో పిల్లలందరికీ వాలీబాల్ నేర్పి, కన్నకొడుకు చేత ఒక్క సర్వీసు కూడా సరిగ్గా కొట్టించలేకపోయిన బాధ ఆయనకి ఉండేది. ఆటల పీరియడు రాగానే ఆనందబాబు కడుపునొప్పి అనేవాడు.

“దేవుడు ఆలస్యంగానైనా నా ప్రార్థన విన్నాడ్రా,” అన్నాడాయన ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ కారులోనే.

“ఆడేది నేను కాదు నాన్నా. నాది ఆఫీసు పని. బస్సులు బుక్ చేయాలి, రిఫరీలని మాట్లాడాలి.”

“ఏదైతేనేం. గ్రౌండులో ఉన్నావు గదా.”

కొడుకూ కోడలూ పనులకి పోతే ఇంట్లో మేష్టారు ఒక్కడే. టీవీ భాష అర్థం కాదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద మనిషన్నవాడు కనపడడు. వారం తిరక్కుండానే ఆయన కొడుకుతోపాటు కాలేజీకి వచ్చి జిమ్‌లో కూర్చోవడం మొదలుపెట్టాడు. పాత ఇటుకల భవనం అది. చెక్క మెట్ల గాలరీలూ, మీద ఇనప దూలాలూ ఉండేవి. వేడిగొట్టాలు మూలుగుతూ ఉండేవి. మగపిల్లల టీమువాళ్ళు ఆయన్ని పట్టించుకోలేదు. ఆడపిల్లల టీముకి మాత్రం ఆయన నచ్చాడు. ఓవర్‌కోటు, మంకీ క్యాపు వేసుకుని గాలరీలో నిటారుగా కూర్చుని, వాళ్ళు బంతి బుట్టలో వేసినప్పుడల్లా “శభాష్!” అని అరిచే ఆ ముసలాయన్ని వాళ్ళు తాతయ్యా అన్నట్టు పాప్స్ అని పిలిచేవాళ్ళు. వాళ్ళకీ ఆ శభాష్ అలవాటైపోయింది.

వాళ్ళ కోచ్ ఎర్నస్టీన్ పూల్‌కి నలభై దాటాయి. పొడుగ్గా, సన్నగా, మాట పొదుపుగా ఉండేది. ఆట మధ్యలో పిల్లలు నీళ్ళు తాగడం మంచిది కాదని మేష్టారు ఒకసారి సలహా ఇవ్వబోతే, “మిస్టర్ కె, అలా చేస్తే నా పిల్లలు పడిపోతారు. మీరు శభాష్ అనండి చాలు,” అని మర్యాదగా చెప్పింది. మేష్టారు చిన్నబుచ్చుకోలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక కాలేజీతో ఆడపిల్లలకి మ్యాచ్ పడింది. వెళ్ళి, ఆడి, రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం తిరిగి రావాలి. మేష్టారు తనూ వస్తానన్నాడు.

“చలి నాన్నా, నీకు పడదు,” అన్నాడు ఆనందబాబు.

“అమెరికా వచ్చి కొండలు చూడలేదంటే మన సంఘంలో నవ్వుతార్రా.”

కోచ్ పూల్ అభ్యంతరం లేదంది. దేవకుమారి మావగారికి రెండు స్వెట్టర్లు తొడిగి, బీపీ మాత్రలు కోటు జేబులో పెట్టి, దుప్పటి ఒకటి చేతికిచ్చి బస్సెక్కించింది. కాలేజీది పాత బస్సు. దాని డ్రైవరు మాత్రం ఆ రోడ్లన్నీ తిరిగినవాడు.

శనివారం సాయంత్రం కోచ్ పూల్ ఇంటికి ఫోన్ చేసింది. గెలిచామని చెప్పింది.

“డాక్టర్ బాబు, రేపు ఇక్కడ మంచు పడుతుందంటున్నారు. సోమవారం దాకా ఆగి రమ్మంటారా?”

ఆనందబాబుకి తనిచ్చిన మాట గుర్తొచ్చింది. తను ఏడీగా, అంటే అథ్లెటిక్ డైరెక్టర్‌గా, ఉన్నన్నాళ్ళూ ఆటగాళ్ళెవరూ క్లాసు ఎగ్గొట్టరని మొన్ననే ఫ్యాకల్టీ మీటింగులో గట్టిగా చెప్పాడు. అంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్లల్లో కొందరికి సోమవారం పొద్దున్నే పరీక్ష ఉంది.

“మంచు సాయంత్రానికి గాని రాదని రేడియోలో చెప్పారు. పొద్దున్నే బయల్దేరారంటే మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటారు.”

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు.

“మీరు ఏడీ,” అంది కోచ్ పూల్. “అలాగే.”

ఆదివారం చర్చి అయ్యాక ఆనందబాబు నేరుగా జిమ్‌కి వెళ్ళాడు. ఒంటిగంటకి బస్సు రావాలి. ఊళ్ళో సన్నగా వాన పడుతోంది. అది మంచు కాదు కదా అని ధైర్యంగానే ఉన్నాడు. రెండయింది. ఆఫీసు కిటికీలోంచి గేటు కనపడుతుంది. పెద్ద బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా లేచి చూశాడు. ఏ చప్పుడూ బస్సుది కాదు. వాళ్ళు రాత్రి దిగిన మోటెల్‌కి ఫోన్ చేస్తే, ఎనిమిదికే ఖాళీ చేసి వెళ్ళారన్నారు. హైవే పోలీసులకి ఫోన్ చేశాడు. ఎంతసేపటికో లైను దొరికింది.

“కొండల మీద మంచు పొద్దున పదింటికే మొదలైంది సార్. ఇంటర్‌స్టేట్ హైవే మూసేశాం. ఎన్నో బళ్ళు దారిలో ఇరుక్కుపోయాయి. మీ బస్సు సంగతి మాకు తెలీదు.”

ఆనందబాబు ఫోన్ పెట్టేసి గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి గాని రాదన్న మంచు పదింటికే వచ్చింది. ఆగమంటారా అని ఆమె అడిగింది. రమ్మన్నది తను.

మగపిల్లల ప్రాక్టీసు కోసం వచ్చిన కోచ్ రీడ్‌కి సంగతి తెలిసి, ప్రాక్టీసు ఆపేసి ఆఫీసులోకి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి కోచ్ టాలివర్ వచ్చాడు. తన పికప్ ట్రక్కు చక్రాలకి గొలుసులున్నాయని, వెళ్ళి చూసి వస్తానని అన్నాడు. రోడ్డు మూసేశారని ఆనందబాబు చెప్తే, ట్రక్కు తాళాలు బల్ల మీద పెట్టి, రీడ్‌కి వీపు కనపడేలా కూర్చున్నాడు.

అప్పుడు ఫోన్లు మొదలయ్యాయి. వార్తల్లో మంచు తుఫాను సంగతి చెప్పారట. టీము పిల్లల తల్లులూ తండ్రులూ ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు, మా అమ్మాయి వచ్చిందా అని. ఆనందబాబు మొదటివాళ్ళకి “దారిలో ఉన్నారు” అన్నాడు. రెండోవాళ్ళకి “వచ్చేస్తారు” అన్నాడు. మూడోవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక తడబడ్డాడు.

ఆ సమయానికి దేవకుమారి అన్నం గిన్నెతో వచ్చింది. గుమ్మంలో నిలబడి అతను ఫోన్లో చెప్తున్నది కాసేపు విని, గిన్నె పక్కన పెట్టి, అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“మిసెస్ ఆడమ్స్, నా పేరు దేవా. డాక్టర్ బాబు భార్యని. మా మావగారు కూడా ఆ బస్సులోనే ఉన్నారు. మాకిప్పటిదాకా ఏ కబురూ తెలీదు. తెలిసిన నిమిషం మీకు ఫోన్ చేస్తాం. నంబరు చెప్పండి.”

ఫోన్ పెట్టేసి భర్త వంక తిరిగింది. “లేనిపోని ధైర్యాలు చెప్పకండి. హాస్పిటల్లో రోజూ చూస్తాన్నేను. తెలీనిది తెలీదంటే జనం తట్టుకుంటారు. ముందు ఒకటి చెప్పి తర్వాత మారిస్తే మాత్రం తట్టుకోలేరు.”

“నేనే రమ్మన్నాను దేవా.”

“తెలుసు. నిన్న వంటింట్లోంచి విన్నాను.” ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. “ఆ సంగతి తర్వాత. ఇప్పుడు ఫోన్ చూడండి.”

మిసెస్ గేన్స్ పీటర్స్‌బర్గ్ నుంచి చేసింది. టీములో అందరికంటే చిన్నది వాండా, ఆవిడ కూతురు. ఈ ఫోన్ ఆనందబాబే తీశాడు. తెలీదని చెప్పాడు. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేదని అతనికి అనిపించింది.

“ప్రొఫెసర్, మీరు ఈ దేశంలో ఎన్నాళ్ళుగా ఉన్నారు?” అని అడిగింది.

“పదిహేనేళ్ళు మేడమ్.”

“అయితే మీకు కొంచెమైనా తెలిసుండాలి. ఆ కొండల్లో బస్సు ఆగిపోతే నా కూతురు ఎవరి తలుపు తడుతుంది? నల్లపిల్లలు అంతమంది ఒక్కసారిగా వచ్చి గుమ్మంలో నిలబడితే తలుపు తీసేదెవరు?”

ఆనందబాబు చలి గురించి ఆలోచించాడు, లోయల గురించి ఆలోచించాడు, తండ్రి బీపీ గురించి ఆలోచించాడు. ఈ భయం ఒకటుందని అతనికి తట్టనే లేదు. కోచ్ పూల్‌కి నిన్న తట్టే ఉంటుంది. ఫోన్లో ఆ కాసేపు చప్పుడు లేకపోవడంలో అదీ ఉండే ఉంటుంది.

“మేడమ్, కోచ్ పూల్ ఆగుతామంది. రమ్మన్నది నేను. తప్పు నాది.”

అవతల నిట్టూర్పు వినపడింది. “తప్పెవరిదో తర్వాత చూసుకుందాం. నా బిడ్డ ఎక్కడుందో కనుక్కోండి.”

నాలుగు దాటాక పోలీసుల దగ్గర్నుంచి కబురొచ్చింది. కొండ మలుపులో ఒక బస్సు జారి పక్క గుంటలో ఒరిగిపోయిందట. ఏ బస్సో తెలీదట. మనిషి అక్కడికి చేరాక చెప్తారట. ఆనందబాబు ఆ మాట పైకి చెప్పలేకపోయాడు. అతని మొహం చూసి దేవకుమారి ఫోన్ అందుకుని తనే విని, గదిలో ఉన్నవాళ్ళకి చెప్పింది. కోచ్ రీడ్ లేచి టోపీ తీసేశాడు. టాలివర్ కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆనందబాబు ఖాళీ జిమ్‌లోకి నడిచాడు. గాలరీలో తండ్రి రోజూ కూర్చునే మూలన కూలబడ్డాడు. ప్రార్థన చేద్దామనుకుంటే తండ్రి పేరు తప్ప ఏమీ నోటికి రాలేదు. అమ్మ పోయిన రోజున కూడా ఇలాగే మాటలు రాకపోతే నాన్న పక్కన కూర్చుని, “నీ తరఫున నేను చేస్తాలేరా,” అన్నాడు. ఆ మనిషి ఇప్పుడు ఏ గుంటలో ఉన్నాడో తెలీదు. ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకున్నాడు. అందరి పేర్లూ తనకి తెలుసని అప్పుడు తెలిసి ఆశ్చర్యపోయాడు. ఎవరి ఆట ఎలాంటిదో రాత్రి భోజనాల దగ్గర నాన్న చెప్పగా విన్నవే అవన్నీ.

ఆఫీసులో ఫోన్ మోగింది. పరుగెత్తాడు. గుంటలో ఒరిగింది ఏదో టూరిస్టు బస్సనీ, అందులో ఎవరికీ ఏమీ కాలేదనీ పోలీసులు చెప్పారు. తమ బస్సు కాదు. దేవకుమారి “స్తోత్రం” అంటూ కుర్చీలో కూర్చుండిపోయింది. కానీ తమ బస్సు ఎక్కడో ఇంకా తెలీదు. బయట చీకటి పడబోతోంది.

ఈసారి ఫోన్ మోగినప్పుడు ఆనందబాబు మొదటి గంట పూర్తిగా మోగనివ్వలేదు.

“అథ్లెటిక్ డైరెక్టరేనా?” కొండప్రాంతపు యాస. మగగొంతు.

“అవును, నేనే.”

“నేనూ అథ్లెటిక్ డైరెక్టర్నే. నా పేరు డేల్ మెకారీ. ఇక్కడ మాదో చిన్న కాలేజీ. మీ టీము మా అరీనాలో ఉంది. అందరూ క్షేమం. లైన్లు తెగిపోయి ఇప్పటిదాకా ఫోన్ పనిచేయలేదు. ఇప్పుడే వచ్చింది. మీ కోచ్ ఇక్కడే ఉంది, కానీ ముందు ఈ పెద్దాయన మాట్లాడతానని నా చొక్కా పట్టుకుని వదలడం లేదు.”

“ఒరే అబ్బాయ్!” తండ్రి గొంతు. ఎప్పుడు ఫోన్ పట్టుకున్నా అవతలి ఊరికి వినపడాలన్నట్టు అరుస్తాడాయన. “వినపడుతోందా? మేం బాగున్నాం! సూపు ఇచ్చారు!”

ఆనందబాబు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు మసకబారాయి.

“ఒరే, ఉన్నావా?”

“ఉన్నా నాన్నా. ఉన్నాను. మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నాలే! అమ్మాయికి చెప్పు, దుప్పటి పనికొచ్చిందని!”

తర్వాత కోచ్ పూల్ మాట్లాడింది. ఎప్పటిలాగే పొదుపుగా. అందరూ ఉన్నారు, ఎవరికీ దెబ్బల్లేవు, రోడ్డు తెరిచాక బయల్దేరుతాం అంది. “ఎప్పుడు బయల్దేరాలో మీరే చూడండి కోచ్, నన్నడక్కండి,” అన్నాడు ఆనందబాబు. “అలాగే,” అంది. నిన్నటి అలాగే వేరు, ఇది వేరు.

ఫోన్ పెట్టి చూస్తే, దేవకుమారి ఏడుస్తూ నవ్వుతోంది. టాలివర్ రెండు చేతులూ గోడకి ఆనించి తల వంచుకుని ఉన్నాడు. రీడ్ ఆనందబాబుని గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత టాలివర్ వచ్చి కావలించుకున్నాడు. వాళ్ళిద్దరూ మాత్రం ఆ రోజు కూడా మాట్లాడుకోలేదు. ట్రక్కు తాళాలు తీసుకుని ఒకరు, టోపీ పెట్టుకుని ఒకరు, వేరువేరు తలుపుల్లోంచి వెళ్ళిపోయారు.

తల్లిదండ్రులకి ఫోన్లు తను చేస్తానంది దేవకుమారి. ఆనందబాబు ఒప్పుకోలేదు. అన్నీ తనే చేశాడు. మొదటి ఇంటికి చెప్పినప్పుడు మాటలు తడుముకున్నాడు. నాలుగో ఇంటికి వచ్చేసరికి కుదురుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట చెప్పడంలో ఒక రుచి తెలిసింది. “మీ అమ్మాయి క్షేమంగా ఉంది.” ఒక తండ్రి ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు. ఒకావిడ ఫోన్ వదిలేసి ఇల్లంతా తిరుగుతూ కేకలు వేయడం వినపడింది. ఒక ఇంట్లో ఎవరో ఫోన్ తీసి, విని, థాంక్యూ జీసస్ అని తప్ప ఇంకేమీ అనకుండా పెట్టేశారు. కడుపు నిండినంత హాయిగా ఉంది అతనికి. మిసెస్ గేన్స్ మాత్రం ఎక్కడున్నారో, ఎవరు చోటిచ్చారో అన్నీ అడిగి తెలుసుకుంది.

“తలుపు తీశారన్నమాట,” అంది చివరికి.

“తీశారు మేడమ్.”

“సరే,” అంది. “సరే, ప్రొఫెసర్. మీరు ఏమైనా తిన్నారా?”

అప్పుడు గుర్తొచ్చి, ఆ ఆఫీసులోనే, చల్లారిపోయిన అన్నం, కోడికూర భార్యాభర్తలిద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు.

సోమవారం మధ్యాహ్నం బస్సు వచ్చింది. పరీక్షలు ఎవరూ రాయలేదు. ఆనందబాబు పొద్దున్నే ఆ ప్రొఫెసర్ల ఇళ్ళకి తనే వెళ్ళి, బుధవారం పెట్టమని బతిమాలి వచ్చాడు. గేటు దగ్గర పిల్లలు దిగుతుంటే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు. అందరి తర్వాత మేష్టారు దిగాడు. మోకాళ్ళ దాకా వేలాడుతున్న ఎర్ర స్వెట్‌షర్టు, దాని మీద ఏదో కాలేజీ పేరు. దేవకుమారి ఎదురెళ్ళి ఆయన చేతులు పట్టుకుని నాడి చూసింది. నాడి మామూలుగానే ఉంది.

కోచ్ పూల్ బస్సు మెట్టు మీదే నిలబడింది.

“మొన్న మీ మాట వినాల్సింది,” అన్నాడు ఆనందబాబు. “మంచు ఒక్కటే అనుకున్నాను. మిగతాది నాకు తట్టలేదు.”

“నేనూ గట్టిగా చెప్పాల్సింది,” అంది ఆమె. “ఏడీతో వాదన ఎందుకని ఊరుకున్నాను. ఇరవయ్యేళ్ళ అలవాటు. ఇకనుంచి అడగను. చెప్తాను.”

“చెప్పండి.”

“అయితే ఇప్పుడే ఒకటి చెప్తున్నా. ఈ బస్సులో హీటరు బాగుచేయించేదాకా మేం ఎక్కడికీ వెళ్ళం.”

“వెళ్ళొద్దు,” అన్నాడు ఆనందబాబు. ఆమె నవ్వింది. ఆమె నవ్వడం అతను చూడడం అదే మొదలు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మేష్టారు జరిగిందంతా చెప్పాడు. ముందు పెద్ద ట్రక్కు ఒకటి అడ్డం తిరగడం చూసి డ్రైవరు బస్సుని పక్క దారిలోకి దించేశాడు. ఆ దారి కొండ దిగి ఒక చిన్న ఊరి మొదట్లో మంచులో పూడుకుపోయింది. కోచ్ పూల్ కాసేపు చూసి, అందరినీ దింపి, ఒకరి నడుం ఒకరు పట్టుకోమని, తను ముందు నడిచింది. ఇద్దరు అమ్మాయిలు మేష్టారుని చెరో పక్కా పట్టుకున్నారు. దీపాలు కనపడిన పెద్ద భవనం దగ్గరికి చేరారు.

“అది అరీనా రా. మన జిమ్ములాంటివి మూడు పడతాయి దాన్లో. రోడ్డు మీద చిక్కుకున్న జనాన్నంతా అక్కడికి తోలారు పోలీసులు. లోపల నేల కనపడకుండా జనం. అంతా తెల్లోళ్ళే. మేం తలుపు తీసేసరికి అందరూ మాటలాపేసి మావంక చూశారు. మన పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. ఒక్కరూ అడుగు ముందుకెయ్యలా.” మేష్టారు అన్నం కలపడం ఆపాడు. “అప్పటిదాకా నాకు చలి తప్ప ఇంకో ధ్యాస లేదు. ఆ పిల్లల మొహాలు చూశాక భయమేసింది. చిన్నప్పుడు నేనూ కొన్ని గుమ్మాల్లో అలాగే ఆగినవాణ్ణి గదా.”

ఆనందబాబు తండ్రి వంక చూశాడు. ఆ గుమ్మాల సంగతి ఆయన ఎప్పుడూ ఇంట్లో ఎత్తలేదు.

“మరేమైంది మావయ్యగారూ?” అంది దేవకుమారి.

“ఆ మెకారీ అనేవాడు జనంలోంచి తోసుకుంటూ వచ్చాడమ్మా. కోచ్ ఎవరని అడిగాడు. ఆవిడ నేనంది. జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మా సొంత టీము గది ఇది, వేణ్ణీళ్ళున్నాయి, మీ పిల్లలు తడిసిపోయారు, లోపల్నుంచి గడి పెట్టుకోండి, మీరు తీస్తేగాని ఎవరూ రారు అన్నాడు. అంతే. పెద్ద మాటలేం చెప్పలా. తర్వాత ఆ జనంలో ఉన్న చిన్నపిల్లల చేత మనవాళ్ళు కాసేపు ఆట ఆడించారు. నన్ను రిఫరీగా పెట్టారు. నేను వాలీబాల్ లెక్కన విజిల్ వేసి మొత్తం పాడుచేశానులే.”

ముగ్గురూ నవ్వారు. ఆనందబాబుకి నవ్వు ఒక పట్టాన ఆగలేదు. రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా అలా బయటికి వచ్చింది. తండ్రి విస్తుపోయి చూశాడు.

“ఏంట్రా?”

“ఏం లేదు నాన్నా. నువ్వు తిను.”

ఫోన్ మోగింది. ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. దేవకుమారి వెళ్ళి తీసింది. మిసెస్ గేన్స్. మంచులో తన కూతురికి దుప్పటి కప్పిన పెద్దాయనతో మాట్లాడతానంటోంది.

మేష్టారు చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఇన్‌స్పెక్టరు స్కూలుకి వచ్చినట్టు నిటారుగా నిలబడి ఫోన్ అందుకున్నాడు. “యెస్ మేడమ్!” అని అరిచాడు. “నో మెన్షన్ మేడమ్! వెరీ గుడ్ గర్ల్ మేడమ్!” కాసేపు విన్నాడు. తర్వాత మొహం గంభీరంగా పెట్టి, “బట్ లెఫ్ట్ హ్యాండ్ వీక్ మేడమ్. డెయిలీ ప్రాక్టీస్ నీడెడ్,” అన్నాడు.

అవతల ఆవిడ పగలబడి నవ్వడం గది ఇవతలికి కూడా వినపడింది. మేష్టారికి ఎందుకు నవ్విందో తెలీలేదు. అయినా తనూ నవ్వాడు. దేవకుమారి ఆయన కంచం మీద మూత పెట్టి, కూర వేడి చేయడానికి లేచింది.